వేసవిలో హస్కీలు: ఒక సంవాదం

మా చిన్న మామగారు పశువుల డాక్టరు. సర్వీసంతా తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో గేదెల, ఎడ్ల మధ్యనే గడిచింది. రిటైరయ్యాక ఇప్పుడు మా దగ్గరికి వచ్చారు, వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్‌కి తూర్పున, కొండల మొదట్లో ఉండే ఇస్సక్వాకి. మా ఇంట్లో రెండు సైబీరియన్ హస్కీలున్నాయి. బూడిదరంగుది శంభు, తెల్లది వెన్నెల. వేసవి వచ్చిందంటే శని ఆదివారాలు వాటితో కొండదారుల మీదే ఉంటాం. ఈ పని తప్పని మామగారూ, తప్పు కాదని ఆయన అన్న కూతురైన నా భార్యా పట్టుగా వాదించుకున్నారు. అసలు కారణం బెజవాడలో ఉన్న మామగారబ్బాయి. మా ఫొటోలు చూసి తనకీ హస్కీ కావాలని కూర్చున్నాడు. వాళ్లిద్దరి మాటలూ విన్నవి విన్నట్టే రాస్తున్నాను. ఎవరి మాట నాకు నచ్చితే అక్కడ ఆ సంగతి చెప్పేశాను.

బాబాయి: అమ్మాయ్, నువ్వు పంపిన ఫొటో మావాడు ఫోన్లో ముఖచిత్రంగా పెట్టుకున్నాడు. నీలం నీళ్ల సరస్సు, వెనక మంచు కొండ, ముందు ఈ రెండూ నోళ్లు తెరిచి నాలుకలు వేలాడేసి. వాడికి అది నవ్వులా కనిపించింది. నాకు రొప్పులా కనిపించింది. కుక్కకి చెమట పట్టేది అరికాళ్ల మెత్తల్లోనే. ఒంట్లో పుట్టిన వేడి పోవాలంటే నోటి తడి ఆవిరవ్వాలి, అదే దానికి ముఖ్యమైన దారి. అలాంటిదాన్ని, పైగా రెండు పొరల బొచ్చున్నదాన్ని, జులైలో కొండెక్కిస్తారా?

అమ్మాయి: అది స్నో లేక్ బాబాయ్, స్నోక్వాల్మీ కనుమ దగ్గర. పోనూ రానూ ఏడు మైళ్ల పైచిలుకు, పద్దెనిమిది వందల అడుగుల ఎక్కుడు. మీరు చూసింది ఎండ పడ్డ సరస్సుని. మేం ఎన్నింటికి బయల్దేరామో ఫొటోలో పడలేదు. ఇంట్లోంచి కారు తీసేసరికి నాలుగున్నర. నడక మొదలుపెట్టేటప్పుడు పన్నెండో పదమూడో డిగ్రీలు, నేను స్వెట్టర్ వేసుకున్నాను. ఆ దారి పై భాగంలో అంతా బండరాళ్లు, చెట్టు నీడ ఉండదు. ఎండ ఆ రాళ్లని కాల్చేలోపు మేం కిందికి దిగిపోయాం. రొప్పాయి, నిజమే. అంత నడిచిన కుక్క రొప్పకపోతేనే నేను భయపడాలి.

బాబాయి: గాలి చల్లగా ఉంటే ఒళ్లూ చల్లగా ఉంటుందనుకోకు. వేడి బయట్నించే రానక్కర్లేదు, కండరం పనిచేస్తే లోపలే పుడుతుంది. ఎండలో కట్టేసిన కుక్కకి తగిలే దెబ్బ వేరు, శ్రమపడ్డ కుక్కకి తగిలే దెబ్బ వేరు. రెండోదానికి మండే ఎండ అవసరం లేదు, ఇరవై పైన ఉంటే చాలు. కుక్కకి మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2. అది 41 దాటి అక్కడే నిలిచిపోతే పేగులూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. మధ్యలో ఉన్న ఎడం రెండు డిగ్రీలే. పైగా ఇది లాగడానికి పుట్టిన జాతి. ఒంట్లో బాగా లేకపోయినా లాగుతూనే ఉంటుంది. గేదె నయం. దానికీ చెమట గ్రంథులు తక్కువే, తోలు నలుపు, కానీ ఎండెక్కితే చెరువులో దిగి కూర్చుంటుంది, కర్ర పుచ్చుకుని కొట్టినా లేవదు. తన సంగతి దానికి తెలుసు.

అమ్మాయి: వీటికీ తెలుసు బాబాయ్. ఇవి పిచ్చిగా పరిగెత్తి పడిపోయే జాతి కాదు. సైబీరియా ఈశాన్యం కొసన చుక్చీ అనే తెగవాళ్లు పెంచుకున్న కుక్కలివి. బరువు తక్కువ, వేగం మధ్యరకం, దూరం ఎక్కువ. బలం ఎలా దాచుకోవాలో వాటి నెత్తుట్లో ఉంది. 1908లో గూసాక్ అనే వర్తకుడు వీటిని అలాస్కాలోని నోము ఊరికి తెచ్చినప్పుడు, ఇంత చిన్నవి ఏం లాగుతాయని అక్కడివాళ్లు తీసిపారేశారు. 1925లో ఆ ఊళ్లో డిఫ్తీరియా వచ్చినప్పుడు మందు తెచ్చింది కుక్కల బండ్లే. 674 మైళ్లు, ఇరవై మంది తోలేవాళ్లు, ఐదున్నర రోజులు. అందులో అందరికంటే ఎక్కువ దూరం వెళ్లింది సెప్పాలా అనేవాడి బండి, దాని ముందు కుక్క టోగో ఇలాంటి సైబీరియన్ హస్కీయే. దమ్ము దాచుకోవడం తెలీని కుక్కలు చేసే పని కాదది.

బాబాయి: ఆ పరుగు ఏ నెలలో?

అమ్మాయి: జనవరి చివర మొదలై ఫిబ్రవరి మొదట్లో ముగిసింది.

బాబాయి: సున్నాకి ఎంత కింద ఉందో నువ్వే చెప్పు. అక్కడ వేడి పోవడం సమస్య కాదు, నిలబడటం సమస్య. నువ్వు జులైకి సాక్ష్యంగా జనవరిని తెస్తున్నావు.

ఇక్కడ నేను మామగారి పక్షం. టోగో కథ ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది, కానీ ఎండలో నడిచే కుక్కకి ఆ కథ నీడ పట్టదు. నా భార్య కూడా దాన్ని అక్కడితో వదిలేసి, తను కొండ మీద ఏం చేస్తుందో చెప్పింది. ఈ మాటల్లో నాకు విలువైనవి అవే.

అమ్మాయి: సరే, చరిత్ర వద్దు. చేతులతో చేసేది చెప్తాను. ప్రతి మలుపు దగ్గరా శంభు మెడ కింద బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి చర్మం దాకా తాకి చూస్తాను. పైన బొచ్చు చల్లగా ఉన్నా అడుగున కాలుతూ ఉండొచ్చు. నాలుక చూస్తాను. మామూలుగా రొప్పేటప్పుడు అది సన్నగా ఉంటుంది. చివర వెడల్పయి గరిటెలా పక్కకి వాలిందంటే అక్కడితో నడక ఆపాలి. ఉమ్మి పల్చగా ఉందా, తీగలా సాగుతోందా? పెదవి ఎత్తితే చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా, ఇటుక రంగుకి తిరిగాయా? వెన్నెల నీడ కనిపించినచోటల్లా ఆగబోతోందంటే అది బద్ధకం కాదు, నాతో మాట్లాడటం. నీళ్లు వీపు మీద పోయను, పోసినా పై బొచ్చు జారవిడిచేస్తుంది. పొట్ట కింద, తొడల లోపల, అరికాళ్లకి తడుపుతాను. మనిషికి రెండు లీటర్లు మోస్తే వీటికీ అంతకు తక్కువ మొయ్యం. వాగు పక్కన నడిచే దారి దొరికితే అదే ఎంచుకుంటాం.

బాబాయి: ఎండాకాలం కదా అని బొచ్చు గొరిగించలేదు కదా?

అమ్మాయి: లేదు. అలా చెయ్యమని మన బంధువులే నలుగురు చెప్పారు.

బాబాయి: చెప్తారు. ఆ పై బొచ్చు ఎండనీ అడ్డుకుంటుంది. గొరిగితే కింద ఉన్నది పల్చటి తోలు, మాడిపోతుంది. ఒక్కోసారి బొచ్చు మళ్లీ సరిగ్గా రాదు కూడా. మంచిపని చేశావు. మరి ఇన్ని చూసినా ఒకరోజు కుక్క కూలబడింది అనుకో. ఏం చేస్తావు?

అమ్మాయి: వాగుంటే తల పైకి పట్టుకుని వాగులో దింపుతాను. లేకపోతే ఉన్న నీళ్లన్నీ దాని మీదే. చల్లబడ్డాకే మోసుకుని దిగడం.

బాబాయి: మంచు కరిగిన నీళ్లా? వద్దు తల్లీ. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది. గోరువెచ్చటి నీళ్లతోనే తడపాలని మాకు నేర్పారు.

అమ్మాయి: అప్పుడలా చెప్పేవారు బాబాయ్. ఇప్పుడు ముందు చల్లార్చు, తర్వాత తీసుకెళ్లు అంటున్నారు. వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్న కుక్కకైతే చన్నీళ్లలో ముంచడమే త్వరగా పనిచేస్తుందట. ముసలిదానికీ జబ్బుదానికీ నీళ్లు చల్లి గాలి విసరమంటున్నారు. గోరువెచ్చటి నీళ్ల కోసం వెతుక్కునే సమయంలోనే ప్రాణం మీదికి వస్తుంది.

మామగారు ఆ రాత్రి ఆమె తీసిచ్చిన వ్యాసాలన్నీ కళ్లజోడు పెట్టుకుని చదివారు. మర్నాడు కాఫీ తాగుతూ చన్నీళ్ల విషయంలో ఒప్పుకున్నారు. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడిని పట్టి ఉంచుతుందన్న మాట మాత్రం వదల్లేదు. దానిమీద ఇద్దరికీ భేదం లేదు. ఈ వయసులో తన చదువునే మళ్లీ సరిచూసుకున్న మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

బాబాయి: కొండ సంగతి అలా ఉంచు. ఇంటి సంగతేమిటి? వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. పొద్దున నడక, సాయంత్రం నడక, మధ్యలో దువ్వడం, ఊడ్వడం. కంది పచ్చడిలో కూడా వెంట్రుక. మొన్న మీ పిన్నితో ఫోన్ మాట్లాడుతుంటే ఈ శంభు గొంతెత్తింది. కుక్క ఏడుస్తోంది, ఇంటికి అరిష్టం, వెళ్లి ఆపమని ఆవిడ ఒకటే గోల.

అమ్మాయి: అది ఏడుపు కాదని పిన్నికి చెప్పండి. ఇవి మొరగడం తక్కువ, ఊళ వెయ్యడం ఎక్కువ. ఆకలైనా, అంబులెన్స్ వెళ్లినా, నేను ఆఫీసు కాల్‌లో ఉండి పలక్కపోయినా అదే భాష. బొచ్చంటారా, ఏడాదికి రెండుసార్లు లోపలి ఉన్ని మొత్తం ఊడుతుంది. ఆ వారాల్లో దువ్వెన ఒక్కసారి లాగితే గుప్పెడు. రోజూ పెరట్లో కూర్చుని దువ్వకపోతే ఆ చచ్చిన ఉన్ని చర్మానికి అంటుకుపోయి గాలి ఆడదు. ఎండాకాలంలో దువ్వెన కూడా వాటికి చల్లదనమే. మీరు పనులని లెక్కపెడుతున్నారు. నేను వాటితో గడిపిన పూటలుగా చూస్తున్నాను.

బాబాయి: అలా అనడం వింటానికి బాగుంటుంది. కానీ ఒక్కటి చాలదా? రెండెందుకు?

అమ్మాయి: ఒంటరి హస్కీని నేను చూశాను. కంచె కింద గొయ్యి తవ్వుతుంది, గోడ దూకుతుంది, సోఫా చీలుస్తుంది. గుంపులో బతకడానికి పుట్టినదాన్ని రోజుకి ఎనిమిది గంటలు గోడలకి అప్పగిస్తే అది ఇంకేం చేస్తుంది? ఇప్పుడు ఒకదాన్ని ఒకటి తరుముకుని అలసిపోతాయి. అలాగని కట్టు విప్పి వదిలెయ్యను. ఉడతో లేడో కనిపించిందంటే పిలుపు వినపడదు వీటికి. రెండూ కలిపి నలభై ఐదు కిలోలు, నడుముకి బెల్టు కట్టుకుని దానికే లీష్‌లు తగిలిస్తాం. స్నో లేక్ ఉన్న ఆల్పైన్ లేక్స్ అడవిలో ఆరడుగుల లోపు లీష్ ఉండాలన్నది నిబంధన కూడా. మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కు దారుల్లోకి అసలు కుక్కల్ని రానివ్వరు. అందుకే మేం ఇన్నేళ్లుగా ఇక్కడున్నా ఆ కొండని దూరం నుంచే చూస్తాం.

బాబాయి: కుక్కల కోసం మానుకున్నారా?

అమ్మాయి: వాటిని ఇంట్లో పెట్టి మేం వెళ్లడానికి మనసు రాలేదు. 2021 జూన్ 28న సియాటిల్లో 108 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే 42 డిగ్రీలు. ఇక్కడ చాలా ఇళ్లకి ఏసీలుండవు, అప్పుడు మాకూ లేదు. ఆ రోజుల్లో గడప దాటలేదు. కింది అంతస్తు బాత్రూమ్ టైల్స్ మీద వాటిని పడుకోబెట్టి, తడి నేల మీద మేమూ అక్కడే పడుకున్నాం. ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవులంటుకుని పొగ కమ్ముతుంది. గాలి బాగోలేదని తెలిస్తే అప్పుడూ అంతే, పెరటి వరకే. వేసవంటే కొండలెక్కడం ఒక్కటే కాదు బాబాయ్, ఎక్కకుండా ఆగిన రోజులు కూడా.

ఆ మాటకి మామగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన ప్రశ్న వాదం కోసం కాదు, డాక్టరుగా తెలుసుకోవాలని అడిగింది.

బాబాయి: వాగుల్లో దింపుతానంటున్నావు. నీళ్లతో వచ్చే జబ్బులేమీ లేవా ఇక్కడ?

అమ్మాయి: ఉన్నాయి. వేసవి ముదిరితే కొన్ని సరస్సుల్లో నీలిఆకుపచ్చ నాచు కడుతుంది. అందులో విషం పుట్టే రకాలుంటాయి, ఆ నీళ్లు తాగిన కుక్కలు గంటల్లో పోతాయి. బోర్డు ఉంటే సరే, లేకపోయినా నీటి మీద రంగు పూసినట్టు తెట్టె కనిపిస్తే దగ్గరికి పోనివ్వం. దానికంటే నాకు భయం సాల్మన్ చేప. ఎండాకాలం వెళ్లేవేళ సముద్రం నుంచి అవి ఈ ఊరి వాగులోకే ఎదురీదుకుంటూ వస్తాయి. 1936లో కట్టిన చేపల కేంద్రం ఊరి మధ్యలోనే ఉంది. గుడ్లు పెట్టాక చచ్చిన చేపలు ఒడ్డున పడుంటాయి. పచ్చి సాల్మన్ తిన్న కుక్కకి వారం అటూ ఇటూగా జ్వరం, వాంతులు, గడ్డలు వాయడం. వైద్యం అందకపోతే చాలావాటికి ప్రాణం దక్కదు.

బాబాయి: విషమా, క్రిమా?

అమ్మాయి: చేపలో చిన్న పరాన్నజీవి ఉంటుంది, ఫ్లూక్. దాని ఒంట్లో రికెట్సియా జాతి క్రిమి. చేపకి ఆ ఫ్లూక్ వాగులోని నత్త నుంచి వస్తుంది.

బాబాయి: నత్తా! మన గేదెల కార్జపు జలగ కూడా నత్తలోంచే కదమ్మా. చెరువు గట్టు గడ్డికి అంటుకుని గేదె కడుపులోకి పోతుంది. నా సర్వీసులో సగం మందులు దానికే పోశాను. ఇక్కడ గడ్డి బదులు చేప అన్నమాట. రికెట్సియా అంటున్నావు కాబట్టి డాక్సీసైక్లిన్ పనిచెయ్యాలి.

అమ్మాయి: అదే ఇస్తారు. ఫ్లూక్‌కి ప్రాజిక్వాంటెల్.

బాబాయి: ఉడికించిన చేపైతే?

అమ్మాయి: ఏమీ కాదు. చచ్చిపోయేదల్లా పచ్చిది తిన్న కుక్కే. అందుకే సెప్టెంబరు నుంచి వాగు ఒడ్డున లీష్ మరీ కురచగా పట్టుకుంటాం. వాసన వాటికి మనకంటే ముందే తగులుతుంది.

బాబాయి: నీకు తెలిసినంత మావాడికి తెలీదు. అసలు నా బాధ అది. నువ్వు ఇస్సక్వాలో చేసేదాన్ని చూసి వాడు బెజవాడలో చేద్దామనుకుంటున్నాడు.

అమ్మాయి: వాడూ నేర్చుకుంటాడు బాబాయ్. ఇంట్లో ఏసీ ఉంది. మనుషులు ఏసీలో పడుకుంటే తప్పులేనిది కుక్క పడుకుంటే తప్పా?

బాబాయి: ఏసీ ఎన్ని గంటలు? కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది కానీ ఏసీ తిరగదు. సరే, కరెంటు పోనే పోదనుకుందాం. నీ లెక్క ప్రకారమే అడుగుతాను. నువ్వు నడక మొదలుపెట్టేది పన్నెండు పదమూడు డిగ్రీల్లో. మే నెలలో బెజవాడకి ఆ పన్నెండు డిగ్రీలు ఏ గంటకి వస్తాయి?

అమ్మాయి: రావు.

బాబాయి: తెల్లవారుజామున కూడా ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది ఉంటుంది. పైగా కృష్ణ పక్కన ఊరు, గాలిలో తేమ. తేమ ఉంటే నోటి తడి ఆవిరవ్వదు, కుక్కకి ఉన్న ముఖ్యమైన దారీ మూసుకుపోతుంది. రొప్పుతూనే ఉంటుంది, ఒళ్లు చల్లబడదు. మరి దాన్ని ఎక్కడ నడిపిస్తాడు? పదడుగుల గదిలో మంచం చుట్టూనా? 674 మైళ్ల కథ చెప్పావు కదా, ఆ జాతిని ఆ గదిలో పెట్టడానికి నీ మనసు ఒప్పుతుందా?

అమ్మాయి: ఒప్పదు.

బాబాయి: విదేశాల నుంచి కుక్కపిల్లల వ్యాపారం కోసం కుక్కల్ని తెప్పించడం మీద 2016లోనే మన ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. అయినా అక్కడే పుట్టించినవి దొరుకుతూనే ఉన్నాయి. అమ్మేవాడు నీలికళ్లు చూపిస్తాడు. మొదటి మే నెల ఎలా గడుస్తుందో చెప్పడు. రెండో మే వచ్చేసరికి ఎవరికిచ్చేద్దామా అని వెతుకుతారు. నేను చెప్తే మావాడు వినడు, గేదెల డాక్టరుకి హస్కీల సంగతేం తెలుసంటాడు. నువ్వు చెప్తే వింటాడు. నీ ఫొటోలు చూసే కదా ఆశపడ్డాడు.

నా భార్య ఆ రాత్రే తమ్ముడితో మాట్లాడింది. కొనొద్దని మొదటే చెప్పలేదు. నాలుగున్నరకే బయల్దేరడం, మెడ కింద చెయ్యి పెట్టి చూడటం, బాత్రూమ్ నేల మీద పడుకోవడం, రెయినియర్‌కి వెళ్లకుండా ఉండిపోవడం, అన్నీ ఒకటొకటిగా చెప్పింది. అతను అలిగాడు. ఇంకా అలకలోనే ఉన్నాడు. అపార్ట్‌మెంట్ కింద తిరిగే ఊరకుక్క ఈనిన పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకుని టీకాలు వేయించమని మామగారు అంటున్నారు. ఆ నేలకీ ఆ ఎండకీ పుట్టిన కుక్క అదేనని ఆయన అంటే నాకు సబబుగానే ఉంది. అతను ఇంకా ఔననలేదు.

బాబాయి: మావాడి సంగతి అయింది. నీ సంగతి అవలేదు. ఆగస్టులో నువ్వు మౌంట్ సై కొండ ఎక్కుతాననడం నాకు ఇష్టం లేదు. ఎనిమిది మైళ్లు, మూడు వేల పైన అడుగులు అంటున్నావు.

అమ్మాయి: దారి దాదాపు చివరిదాకా చెట్ల నీడే బాబాయ్. నేను మానను. వేడిగా ఉంటే సగంలో తిరిగొస్తాను.

బాబాయి: సగం ఎక్కడో నాలుక చూసి తేలుస్తావా? కొలవాలి. శనివారం నేనూ వస్తాను. ముందు చిన్నదారి ఏదైనా చూడు.

అమ్మాయి: ఫ్రాంక్లిన్ ఫాల్స్. పోనూ రానూ రెండు మైళ్లే, పక్కనే నది.

బాబాయి: థర్మామీటర్ నా సంచిలో ఉంది. బయల్దేరేముందు ఒకసారి, జలపాతం దగ్గర ఒకసారి చూస్తాను.

అమ్మాయి: పైన 40 చూపించిందని కంగారుపడకండి. నడిచిన కుక్కకి అంత ఎక్కడం మామూలేనట, పరిగెత్తినవాటికైతే 41 కూడా.

బాబాయి: ఎంత ఎక్కిందన్నది కాదమ్మా నాక్కావలసింది. నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టాక ఎంత దిగిందో చూస్తాను. గబగబా దిగితే మౌంట్ సై గురించి నీతో మళ్లీ మాట్లాడతాను. దిగకపోతే అక్టోబరు దాకా ఆ కొండ పేరెత్తకూడదు. ఒప్పుకుంటావా?

అమ్మాయి: రెండింటికీ విడివిడిగా చూడాలి. వెన్నెల చిన్నది, శంభు కంటే త్వరగా చల్లబడుతుంది.

బాబాయి: విడివిడిగానే చూస్తాను. ఒక పుస్తకం తీసుకో, రాసుకుందాం. ఎన్నింటికి లేవాలి?

అమ్మాయి: నాలుగింటికి.